చలికాలంలో మాంటరే తీరాన బూడిద తిమింగలాలను చూడాలంటే

సరిగ్గా మన సంక్రాంతి రోజుల్లోనే కాలిఫోర్నియా మధ్య తీరం ముందు నుంచి బూడిద తిమింగలాలు గుంపులు గుంపులుగా దక్షిణానికి పోతుంటాయి. వేసవంతా ఇవి ఆర్కిటిక్ వైపు బేరింగ్, చుక్చీ సముద్రాల్లో గడుపుతాయి. అడుగు బురదను నోట్లోకి పీల్చి, అందులోని చిన్న చిన్న రొయ్యల్లాంటి పురుగులను జల్లించుకుని తిని ఒళ్లు చేస్తాయి. చలి ముదిరేసరికి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా మడుగులకు బయల్దేరతాయి, అక్కడ ఈనడానికి, జతకట్టడానికి. రానూపోనూ 16 వేల నుంచి 20 వేల కిలోమీటర్ల ప్రయాణం. దారి పొడవునా ఒడ్డును అంటిపెట్టుకునే వెళ్తాయి కాబట్టి వీటిని చూడటానికి నడిసముద్రంలోకి పోనక్కర్లేదు.

బే ఏరియాలో ఉంటున్న తెలుగువాళ్లకు మాంటరే దగ్గర. శాన్ హోసే నుంచి గంటన్నర లోపే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్లే చోట్ల జాబితాలో ఇది ఎలాగూ ఉంటుంది. కానీ ఆ ట్రిప్పు బాగా జరగడం, సగం మంది బోటు వెనక కూర్చుని వాంతులు చేసుకుంటూ తిరిగి రావడం, ఈ రెండింటి మధ్య తేడా అదృష్టంలో కన్నా ముందు చేసుకున్న పనిలోనే ఎక్కువ ఉంది. ఏ రోజు వెళ్లాలో సముద్రాన్ని చూసి తేల్చుకోవాలి. వెళ్లాక తిమింగలం ఊపిరి లెక్క పట్టుకోవాలి. ఈ రెండూ వస్తే మిగతావి సర్దుకుంటాయి.

ఏ నెల, ఏ రేవు

దక్షిణానికి పోయే తిమింగలాలు డిసెంబరు మధ్య నుంచి మాంటరే ముందు కనబడటం మొదలవుతుంది. ముందుగా వచ్చేవి చూలు తిమింగలాలు. జనవరి మధ్యలో రద్దీ తారస్థాయికి చేరి, ఫిబ్రవరి మొదటి వారానికి పలచబడుతుంది. ఫిబ్రవరి రెండో సగంలో పోయేవి, తిరిగొచ్చేవి కలగలిసి ఉంటాయి. తల్లులు పిల్లలను వెంటబెట్టుకుని ఉత్తరానికి వెళ్లేది ఏప్రిల్, మే నెలల్లో. పిల్లతో ఉన్న తల్లిని చూడాలన్న కోరిక ఉంటే జనవరి టికెట్ కొనకండి, ఏప్రిల్ దాకా ఆగండి.

చలికాలం ట్రిప్పుకు జనవరి 5 నుంచి ఫిబ్రవరి 5 వరకు మంచి రోజులు. అందులో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు వచ్చే పొడుగు వారాంతం మాత్రం వదిలేయండి. రేవు దగ్గర పార్కింగ్ దొరకదు, బోటు రైలింగ్ దగ్గర చోటూ దొరకదు. వారం మధ్యలో ఒక రోజు సెలవు పెట్టుకోగలిగితే అదే మేలు.

మాంటరేలో బోట్లు ఓల్డ్ ఫిషర్‌మన్స్ వార్ఫ్ నుంచి బయల్దేరతాయి. ఉత్తరాన మాస్ ల్యాండింగ్ నుంచి కూడా ఉన్నాయి. మాస్ ల్యాండింగ్ ముందే మాంటరే సముద్ర లోయ మొదలవుతుంది, దాని లోతు 3,600 మీటర్లు దాటుతుంది. లోతు నీళ్ల జీవులు ఒడ్డుకు ఇంత దగ్గరగా కనబడటానికి కారణం ఆ లోయే. అయితే బూడిద తిమింగలాలకు లోయతో పనిలేదు. అవి బే నోటికి అడ్డంగా ఈది, మాంటరే ద్వీపకల్పం కొసన ఉన్న పాయింట్ పీనోస్ దగ్గర మళ్లీ తీరాన్ని చేరుకుని దక్షిణాన కార్మెల్ వైపు సాగిపోతాయి. అందుకని జనవరిలో వీటికోసమే వెళ్తున్నట్లయితే మాంటరే రేవే అనువు, బోటు వాటి దారిలోకి త్వరగా చేరుతుంది.

ఇంట్లో ఎవరికైనా ఘాట్ రోడ్డు ఎక్కినా కడుపులో తిప్పుతుందనుకోండి, దక్షిణ కాలిఫోర్నియా ఆలోచించండి. పాయింట్ కన్సెప్షన్ దాటాక తీరం తూర్పుకు మళ్లుతుంది, చానెల్ దీవులు అడ్డం ఉంటాయి. అందువల్ల లాస్ ఏంజిలిస్, డేనా పాయింట్, శాన్ డియేగో నీళ్లు మాంటరే కంటే చాలా నెమ్మది. తిమింగలాలు అవే, కొన్ని రోజులు ఆలస్యంగా అక్కడికి చేరతాయి, అంతే.

సముద్రం సూచనలో మూడు అంకెలు

ఫోనులో వాతావరణం యాప్ చూసి "ఎండ కాస్తుంది, వెళ్దాం" అనుకోవడం అందరూ చేసే పొరపాటు. ఎండకూ సముద్రానికీ సంబంధం లేదు. ఆకాశం నీలంగా మెరుస్తున్న రోజున అలాస్కా అఖాతంలో రెండు రోజుల కింద లేచిన తుఫాను అలలు ఇక్కడికి చేరుతూ ఉండవచ్చు. సన్నటి వాన పడుతూ గాలి లేని రోజున నీళ్లు అద్దంలా ఉండవచ్చు. వానకు జాకెట్ ఉంది, గాలికి మందు లేదు.

నేషనల్ వెదర్ సర్వీస్ ఇచ్చే తీరప్రాంత సముద్ర సూచన తెరిచి మూడు అంకెలు చూడండి: గాలి వేగం నాట్స్‌లో (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు), అల ఎత్తు అడుగుల్లో, రెండు అలల మధ్య వ్యవధి సెకన్లలో.

గాలి 10 నాట్స్ లోపు ఉంటే మంచి రోజు. 12 దాటాక నీటి మీద తెల్ల నురగ తలలు లేస్తాయి. అప్పుడు తిమింగలం చిమ్మే తెల్లటి ఆవిరికీ నురగకూ తేడా తెలియక కళ్లు అలిసిపోతాయి. 15 దాటితే బోటు కుదుపు ఒకటి, ఆవిరి లేచీ లేవగానే గాలికి చెదిరిపోవడం ఒకటి. డబ్బు దండగ.

అల ఎత్తును మాత్రం ఎప్పుడూ విడిగా చూడకూడదు, వ్యవధితో కలిపే చూడాలి. 6 అడుగుల అల 14 సెకన్లకోసారి వస్తే బోటు నెమ్మదిగా పైకి లేచి నెమ్మదిగా దిగుతుంది, చాలామందికి ఏమీ కాదు. అదే 6 అడుగుల అల 7 సెకన్లకోసారి వస్తే ముందుకు, పక్కకు ఎడాపెడా కుదిపేస్తుంది. సెకన్ల అంకె అడుగుల అంకెకు రెట్టింపో అంతకన్నా ఎక్కువో ఉంటే వెళ్లొచ్చు. రెండంకెలూ దగ్గర దగ్గరగా ఉంటే మానుకోవాలి. ఎత్తు 10 అడుగులు దాటాక వ్యవధి ఎంత ఉన్నా పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లే రోజు కాదు.

సూచన అంటే అంచనా. నిజంగా ఏం జరుగుతోందో బూయ్, అంటే నీటి మీద తేలుతూ కొలతలు తీసే పరికరం, చెబుతుంది. మాంటరేకు పశ్చిమాన నడిసముద్రంలో లంగరు వేసి ఉన్న 46042 నంబరు బూయ్ గాలి, అలల కొలతలను రోజంతా ఇంటర్నెట్‌లో పెడుతూనే ఉంటుంది. అది 27 నాటికల్ మైళ్ల (సుమారు 50 కిలోమీటర్ల) దూరంలో ఉంది. 14 సెకన్ల అల దాన్ని దాటాక తీరానికి రావడానికి గంటా పావు పడుతుంది. అంటే పొద్దున ఇంట్లో కాఫీ తాగుతూ దాన్ని చూస్తే, రేవుకు చేరేసరికి ఎలాంటి అలలు ఉంటాయో ముందే తెలిసినట్టే.

చిన్న పడవలకు హెచ్చరిక జారీ అయిన రోజున కూడా పెద్ద టూర్ బోట్లు కొన్నిసార్లు బయల్దేరతాయి. వాటి కెప్టెన్లకు అది అలవాటే, ప్రమాదం ఉండకపోవచ్చు. మీకు మాత్రం ఆ మూడు గంటలు నరకం. టికెట్ కొనేముందే అడగండి: వాతావరణం బాగోలేకపోతే నేను తేదీ మార్చుకోవచ్చా, లేక మీరు రద్దు చేస్తేనే డబ్బు వెనక్కి ఇస్తారా? "తిమింగలం కనబడకపోతే మళ్లీ ఉచితంగా తీసుకెళ్తాం" అనే హామీ ఉంటే అందులో డాల్ఫిన్ కనబడినా హామీ తీరినట్టేనా, ఆ ఉచిత టికెట్ ఎన్నాళ్లు చెల్లుతుంది, ఈ రెండూ చదువుకోండి.

బోటు

రోజులో మొదటి బోటే ఎక్కండి. తీరం వెంట గాలి సాధారణంగా మధ్యాహ్నానికి పెరుగుతుంది. చలికాలం ట్రిప్పు రెండున్నర, మూడు గంటలు. పెద్దలకు సుమారు 50 నుంచి 80 డాలర్లు.

పెద్ద బోటులో కుదుపు తక్కువ, లోపల కూర్చోవడానికి క్యాబిన్, టాయిలెట్ ఉంటాయి. గాలి నింపిన రబ్బరు అంచుల చిన్న స్పీడ్ బోట్లు నీటికి దగ్గరగా ఉంటాయి, ఫొటోలు అద్భుతంగా వస్తాయి. కానీ అల మీద నుంచి దబ్బున పడిన ప్రతిసారీ ఆ దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. గర్భిణులు, నడుం నొప్పి ఉన్నవాళ్లు, మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లు, చిన్నపిల్లలు వాటిలో ఎక్కకూడదు.

ఎంతమందిని ఎక్కించుకుంటారో కూడా అడగండి. పట్టేంత మందినీ నింపిన బోటులో తిమింగలం ఒక పక్క కనబడగానే అందరూ అటే పరుగెడతారు, వెనకున్నవాళ్లకు ముందున్నవాళ్ల తలలే కనబడతాయి. బోటులో జీవశాస్త్రం చదివిన గైడ్ ఉంటే మరీ మంచిది.

కడుపు సంగతి

రేవు నుంచి బయల్దేరిన మొదటి పదిహేను ఇరవై నిమిషాలు హాయిగా ఉంటుంది. మాంటరే ద్వీపకల్పం అలలకు అడ్డం నిలబడుతుంది కాబట్టి. పాయింట్ పీనోస్ మలుపు తిరగగానే బహిరంగ సముద్రం. అప్పటిదాకా "నాకేం కాదు" అన్నవాళ్లు అక్కడే తెల్లబోతారు. మాత్ర అప్పుడు వేసుకుంటే పనిచేయదు, సగం సార్లు కడుపులో నిలవదు కూడా. మందు ఒడ్డు మీదే పడాలి.

మెక్లిజీన్ పెద్దవాళ్లకు 25 నుంచి 50 మిల్లీగ్రాములు, బయల్దేరడానికి గంట ముందు. డైమెన్‌హైడ్రినేట్ అయితే 50 నుంచి 100 మిల్లీగ్రాములు, అరగంట నుంచి గంట ముందు. దీనితో నిద్రమత్తు ఎక్కువ. డ్రామమైన్ పేరుతోనే ఈ రెండు మందులూ వేర్వేరు పెట్టెల్లో అమ్ముతారు, పేరు చూసి కాక వెనక రాసి ఉన్న మందు చూసి కొనండి. చెవి వెనక అంటించే స్కోపోలమైన్ ప్యాచ్‌కు డాక్టరు చీటీ కావాలి, కనీసం నాలుగు గంటల ముందు అంటించాలి. అమ్మానాన్నలు ఊరి నుంచి అవోమిన్ తెచ్చుకుని ఉంటారు. అదీ పనిచేస్తుంది, కానీ దాంతోపాటు వీటిలో ఇంకొకటి కలిపి వేయకండి, నిద్రమత్తు రెట్టింపై మెట్లు దిగేటప్పుడు తూలిపడతారు. గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది, ఆయాసం ఉన్నవాళ్లు ముందుగా డాక్టరును అడగాలి. మెక్లిజీన్ పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు. పిల్లలకు ఏది, ఎంత అన్నది వాళ్ల డాక్టరే చెప్పాలి. ఏ మందైనా మొదటిసారి బోటు రోజున కాకుండా ముందొక సెలవురోజు వేసి చూస్తే మీ ఒంటికి ఎంత మత్తు ఇస్తుందో తెలుస్తుంది.

ఖాళీ కడుపుతో వెళ్తే మంచిదన్నది అపోహ. గంటన్నర ముందు రెండు ఇడ్లీలో, ఒక అరటిపండూ రెండు బ్రెడ్ ముక్కలో తినండి. నూనె, కారం, పాలు వద్దు, ముందు రాత్రి మందు పార్టీ అసలే వద్దు. పులిహోర, పెరుగన్నం డబ్బాలు కారులోనే ఉంచి తిరిగొచ్చాక తినండి. జేబులో అల్లం మురబ్బా ముక్కలు వేసుకోండి, మొదటి తిప్పు తెలియగానే ఒకటి బుగ్గన పెట్టుకోవచ్చు.

బోటులో కుదుపు తక్కువగా ఉండే చోటు కింది డెక్కు మీద, మధ్యకూ వెనక్కూ నడుమ. ముందు కొస, పై డెక్కు ఎక్కువ ఊగుతాయి. చూపు దిగంతం మీద ఉంచండి. కడుపు పాడుచేసేవి మూడు: ఫోను తెర చూడటం, బైనాక్యులర్లు కంటికి అదేపనిగా ఆనించి ఉంచడం, చలికి భయపడి లోపలి క్యాబిన్‌లో కూర్చోవడం. వాంతి వచ్చేలా ఉంటే టాయిలెట్‌లోకి దూరకండి, ఊపిరాడక ఇంకా ఎక్కువవుతుంది. గాలి వీపుకు తగిలేలా వెనక రైలింగ్ దగ్గరికి వెళ్లండి, సిబ్బందికి ఒక మాట చెప్పండి. వాళ్లకిది రోజూ ఉండేదే, సిగ్గుపడాల్సింది లేదు.

ఒంటి మీద, చేతిలో

ఒడ్డున 14 డిగ్రీలు ఉన్నా నడుస్తున్న బోటు మీద ఆ గాలికి ఇంకా చల్లగా అనిపిస్తుంది. ఒంటికి అతుక్కునే థర్మల్ ఒకటి, మీద ఉన్ని స్వెటరో ఫ్లీసో ఒకటి, పైన గాలి, నీళ్లు చొరని జాకెట్ ఒకటి. నూలు బట్ట తడిస్తే ఆరదు, జీన్స్ అందుకే వద్దు. చెవులు మూసే టోపీ తప్పనిసరి, నాన్నగారి మంకీ క్యాప్ ఇక్కడ నూటికి నూరుపాళ్లు పనికొస్తుంది. అమ్మకు చీర, చెప్పులతో ఇనుప మెట్లు ఎక్కడం కష్టం, తడి డెక్కు మీద ప్రమాదం. ప్యాంటు, రబ్బరు అడుగున్న బూట్లు ఒప్పించండి.

బైనాక్యులర్లు 7×35 లేదా 8×42 చాలు. 10 రెట్లవి ఒడ్డున బాగుంటాయి కానీ ఊగే బోటు మీద బొమ్మ నిలవదు. కెమెరాకు 100-400 జూమ్, షట్టరు 1/1000 సెకను లేదా ఇంకా వేగంగా, వదలకుండా ఫోకస్ వెంటాడే సెట్టింగు, వరస ఫొటోలు. లెన్స్ మీద ఉప్పు తుంపర పడుతుంది, తుడవడానికి రెండు మెత్తటి గుడ్డలు. ఫోనుతో తీసేవాళ్లు తిమింగలం లేచాక తీయబోతే నీళ్లే వస్తాయి. లేస్తుందనుకున్న చోటుకు ముందే గురిపెట్టి వీడియో నడిపి, ఫోను ఛాతీ దగ్గర పట్టుకుని, కళ్లతో చూడండి.

ఊపిరి లెక్క

ఇక అసలు సంగతి. సముద్రం మీద తిమింగలం కోసం వెతకకూడదు, దాని ఊపిరి కోసం వెతకాలి. ఒక కిలోమీటరు దూరంలో నల్లటి వీపు కనబడదు, మూడు నాలుగు మీటర్లు లేచే తెల్లటి ఆవిరి కనబడుతుంది. అది నీళ్ల ధార కాదు. ఊపిరితిత్తుల్లోంచి బలంగా వచ్చిన వెచ్చటి గాలి చలికి ఆవిరై కనబడటం. గాలి లేని రోజున ముందు నుంచో వెనక నుంచో చూస్తే ఆ ఆవిరి హృదయం ఆకారంలో విచ్చుకుంటుంది, పక్క నుంచైతే గుబురుగా ఒకే పొదలా ఉంటుంది.

మొదట వట్టి కళ్లతోనే చూడండి. దిగంతానికి కాస్త కింద, ఎడమ నుంచి కుడికి, నెమ్మదిగా, మళ్లీ కుడి నుంచి ఎడమకు. ఏదైనా తెల్లగా లేచి చెదిరిందనిపిస్తే చూపు కదల్చకుండా బైనాక్యులర్లు కళ్లకు తెచ్చుకోండి. బోటులో దిక్కు గడియారంతో చెబుతారు: ముందు కొస పన్నెండు గంటలు, కుడి పక్క మూడు, వెనక ఆరు, ఎడమ తొమ్మిది. "రెండు గంటల దగ్గర, అరమైలు" అని అరిస్తే కుడి ముందుకు చూడాలి. పిల్లలకు ఇది బోటు ఎక్కకముందే నేర్పండి, గైడ్ కంటే ముందు వాళ్లే పట్టేస్తారు.

దూరప్రయాణంలో ఉన్న బూడిద తిమింగలం ఊపిరికి ఒక వరస ఉంటుంది. పదిహేను నుంచి ముప్పై సెకన్లకోసారి, మూడు నుంచి ఐదు ఊపిర్లు పైపైన తీసుకుంటుంది. ఆఖరి ఊపిరి తర్వాత వీపు ఎత్తుగా విల్లులా వంచి, తరచుగా మూడు మీటర్ల వెడల్పున్న తోక పైకెత్తి, లోతుకు మునుగుతుంది. తర్వాత మూడు నుంచి ఐదు నిమిషాలు కనబడదు. మొదటి ఆవిరి చూడగానే లెక్కపెట్టడం మొదలుపెట్టండి. మూడో ఊపిరికి కెమెరా సిద్ధంగా ఉండాలి, తోక అప్పటి నుంచి ఎప్పుడైనా లేవచ్చు.

మునిగాక చాలామంది అదే చోటును చూస్తూ నిలబడతారు. అది అక్కడ ఉండదు. గంటకు సుమారు 8 కిలోమీటర్ల వేగంతో అది దక్షిణానికి పోతూనే ఉంటుంది. నిమిషానికి 130 మీటర్లు. నాలుగు నిమిషాలకు అరకిలోమీటరు పైచిలుకు. కాబట్టి తోక మునిగిన చోటి నుంచి దక్షిణంగా అరకిలోమీటరు ముందుకు చూపు జరిపి, మూడో నిమిషం నుంచి అక్కడ కాపు కాయండి. మంచి కెప్టెన్ చేసేది కూడా అదే: తిమింగలం వెంట పడకుండా, దాని దారికి పక్కగా, అదే వేగంతో సాగుతూ, మళ్లీ లేచే చోటు దగ్గర ఉంటాడు. తోక మునిగిన చోట నీటి మీద నూనె పోసినట్టు నున్నటి గుండ్రటి మచ్చ ఒకటి మిగులుతుంది. తోక కొట్టిన ఊపుకు కింది నీరు పైకి ఉబికి అలలను చదును చేయడం వల్ల అలా అవుతుంది. ఒకదాని తర్వాత ఒకటి ఆ మచ్చలు వరసగా కనబడితే తిమింగలం లోతుకు పోలేదు, పైపైనే ఈదుతోందని అర్థం.

దగ్గరికి వచ్చినప్పుడు పోల్చుకోవడం తేలిక. 12 నుంచి 14 మీటర్ల పొడవు, బూడిద రంగు మీద తెల్ల మచ్చలు, ఒంటికి అతుక్కున్న గవ్వపురుగుల గుత్తులు, వాటి చుట్టూ నారింజ రంగులో తిమింగలపు పేలు. వీపు మీద రెక్క ఉండదు. దాని బదులు ఒక చిన్న మూపు, అక్కడి నుంచి తోక దాకా పిడికిలి కణుపుల్లా ఆరు నుంచి పన్నెండు బొడిపెలు. వీపు మీద చిన్న రెక్క, ఒంటి పక్కన చాలా పొడుగాటి తెడ్డు రెక్కలు కనబడితే అది హంప్‌బ్యాక్ అనే వేరే జాతి తిమింగలం. అవి వేసవిలో ఎక్కువ, చలికాలంలోనూ అడపాదడపా ఉంటాయి. వందల కొద్దీ డాల్ఫిన్లు బోటు ముందు కొసకు చేరి ఆడతాయి, రిస్సో డాల్ఫిన్లయితే గీతలు గీతలుగా తెల్లబడ్డ ఒంటితో దూరం దూరంగానే పోతాయి.

ఇంకొకటి గమనించండి. తిమింగలం శ్వాసరంధ్రాల వెనక, మెడ ఉండాల్సిన చోట, వీపు నిండుగా ఉందా, గుంట పడిందా? గుంట పడితే అది తిండి చాలక చిక్కిపోయిందన్న మాట. ఉత్తర పసిఫిక్ తూర్పు తీరంలో 2016లో సుమారు 27 వేలు ఉన్న ఈ తిమింగలాలు 2025 లెక్కకు 13 వేల దగ్గరికి పడిపోయాయి. ఆర్కిటిక్‌లో మంచు, దాంతో అడుగునున్న తిండి మారిపోవడమే ప్రధాన కారణంగా శాస్త్రవేత్తలు చూస్తున్నారు. వేటకు దాదాపు తుడిచిపెట్టుకుపోయి, రక్షణ దొరికాక కోలుకుని, 1994లో అమెరికా అంతరించిపోయే జాతుల జాబితా నుంచి బయటపడ్డ జీవి ఇది. మాంటరేలో పాత తిమింగల వేట కేంద్రం ముందు కాలిబాట ఇప్పటికీ తిమింగలాల వెన్నుపూసలు పరిచినదే. బోటు దిగాక అయిదు నిమిషాలు నడిచి అది చూసి రండి.

అందువల్ల దూరం విషయంలో మొహమాటం వద్దు. అమెరికా తీరంలో తిమింగలాలకు 100 గజాల దూరం పాటించాలన్నది మార్గదర్శకం, 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం వాటిని వేధించడం నేరం. కెప్టెన్‌ను "ఇంకొంచెం దగ్గరికి పోనివ్వండి" అని అడగకండి. ఊపిర్ల మధ్య వ్యవధి తగ్గినా, దారి మార్చుకున్నా, తోకతో నీటిని బాదినా అది మన వల్ల ఇబ్బంది పడుతోందని లెక్క. అది తనంతట తాను బోటు దగ్గరికి వస్తే ఇంజను గేరు తీసి కదలకుండా ఉండాలి. డ్రోన్ ఇంట్లో వదిలి రండి.

బోటు ఎక్కలేనివాళ్లకు ఒడ్డు

గాలి ఎక్కువై ట్రిప్పు రద్దయినా, పెద్దవాళ్లు బోటు ఎక్కలేకపోయినా ఒడ్డు నుంచి బాగా కనబడతాయి. పసిఫిక్ గ్రోవ్‌లో పాయింట్ పీనోస్ దగ్గర కారు పక్కనే కుర్చీ వేసుకుని చూడొచ్చు. పాయింట్ లోబోస్ ఇంకా బాగుంటుంది, వారాంతాల్లో పొద్దున్నే వెళ్లకపోతే కారుకు చోటుండదు. అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్తలు కార్మెల్‌కు దక్షిణాన గ్రానైట్ కాన్యన్ దగ్గర ఒడ్డు మీద కూర్చునే ఈ తిమింగలాలను లెక్కపెడతారు. ఉత్తరాన పాయింట్ రేయిస్ లైట్‌హౌస్ ప్రసిద్ధం, కానీ దిగి ఎక్కాల్సిన మెట్లు 313. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పై గట్టు మీదే ఆగిపోవచ్చు. దక్షిణాన లాస్ ఏంజిలిస్ వాళ్లకు పాయింట్ విసెంటే, శాన్ డియేగో వాళ్లకు కబ్రీయో నేషనల్ మాన్యుమెంట్.

ఒడ్డు నుంచి చూడాలంటే పొద్దున ఎనిమిదికీ పదకొండుకీ మధ్య వెళ్లండి. సూర్యుడు వీపు వెనక ఉంటాడు, ముదురు నీళ్ల మీద ఆవిరి తెల్లగా మెరుస్తుంది. మధ్యాహ్నం దాటితే పడమటి ఎండ నీళ్ల మీద పడి కళ్లు చెదురుతాయి. కాస్త ఎత్తయిన చోటు ఎంచుకోండి. ఇక్కడ 10 రెట్ల బైనాక్యులర్లు, వీలైతే స్టాండు మీద. కనీసం గంట కేటాయించండి. పది నిమిషాలు చూసి "ఏమీ లేవు" అని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ, రెండు గుంపుల మధ్య ఎడమే అంతకన్నా ఎక్కువ ఉండవచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. బోటు మీద హాయిగా అనిపించే 14, 16 సెకన్ల పొడుగు అలలే ఒడ్డున ప్రాణాంతకం. పావుగంట సేపు రాళ్ల అంచును కూడా తాకకుండా ఉన్న నీరు ఒక్కసారిగా మనిషెత్తున వచ్చి రాతి మీద నిలబడ్డవాళ్లను ఈడ్చుకుపోతుంది. నీళ్లు 12, 13 డిగ్రీలు ఉంటాయి. జాకెట్లు, బూట్లు వేసుకుని అందులో ఈదడం అసాధ్యం. రాళ్లు తడిగా ఉన్నచోటుకు వెళ్లకండి, సముద్రానికి వీపు తిప్పి సెల్ఫీ తీసుకోకండి, పిల్లల చెయ్యి వదలకండి. ఎవరైనా కొట్టుకుపోతే వెనకే దూకకుండా, చూపు వాళ్ల మీదే ఉంచి 911కు ఫోన్ చేయండి.